పన్నెండు బస్తాల పద్యం

రాత మీద నేను లక్షలు గడించాను. ఈ మాట సన్మాన సభల్లో చెప్పాను, పెళ్ళి పందిళ్ళలో చెప్పాను, బస్సులో పక్క సీటువాడు అడక్కపోయినా చెప్పాను. మొన్న మిరపకాయల లారీలు గుంటూరు దారి పట్టే రోజుల్లో హారిక చిలకలూరిపేట నుంచి వచ్చి, మా వరండాలో కుర్చీ లాక్కుని కూర్చుని, సంచిలోంచి ఒక కాగితం తీసి, "తాతయ్యా, నిజం చెప్పండి, రాసి మీరెంత సంపాదించారు?" అని అడిగినప్పుడు కూడా నోటికి అలవాటైన ఆ మాటే వచ్చింది. లక్షలు అన్నాను. ఆ పిల్ల పెన్ను పైకెత్తి పట్టుకుని, "ఏడాదికా, మొత్తం మీదా?" అంది. డెబ్బై నాలుగేళ్ళొచ్చాయి, ఇంతవరకూ నన్నెవరూ ఆ రెండో ప్రశ్న అడగలేదు.

కాగితానికి మధ్యలో నిలువుగా గీత గీసుకుంది. ఎడమవైపు అప్పు, కుడివైపు రాబడి. ఎడమవైపు నిండిపోయింది. ఫీజు, హాస్టలు, తిండి, రానూపోనూ రైలు, బ్యాంకు వడ్డీ, అన్నీ కలిపి తొమ్మిది లక్షల దాకా తేలింది. ఎక్కడో దూరాన పెద్ద ఊళ్ళో ప్రైవేటు యూనివర్సిటీవాళ్ళు కథలూ నవలలూ రాయడం రెండేళ్ళపాటు నేర్పి డిగ్రీ ఇస్తారట. కుడివైపు మాత్రం తెల్లగా ఉంది. ఆ తెలుపు నింపడానికే నా దగ్గరికి వచ్చింది, బంధువుల్లో రాసేవాడన్న పేరు నాకొక్కడికే ఉంది గనక. వాళ్ళ నాన్న శ్రీనివాసరావు జిన్నింగు మిల్లులో గుమాస్తా. బ్యాంకు కాగితం మీద అతనూ సంతకం పెట్టాలి. పెదనాన్న సరేనంటే పెడతానన్నాడట. ఆ పెదనాన్నను నేనే.

లక్షలు అన్నది అబద్ధం కాదు. నలభై ఏళ్ళు పర్చూరు రిజిస్ట్రారాఫీసు ఎదుట రేకుల పంచలో బల్ల వేసుకుని దస్తావేజులు రాశాను. తూర్పున ఫలానావారి చేను, పడమర డొంక, ఉత్తరాన పంటకాలవ, దక్షిణాన మీరు మీ తమ్ముడికి పంచి ఇచ్చిన భాగం. నా వాక్యాల్లో జనం డబ్బిచ్చి రాయించుకున్నవి, రెండోసారి చదివించుకుని విన్నవి అవే. కథల పుస్తకాలు రెండున్నాయి. రెండూ నా ఖర్చుతోనే అచ్చయ్యాయి. అమ్ముడుపోని కట్టల మీద మా ఆవిడ బతికున్నన్నాళ్ళూ బియ్యం డబ్బా పెట్టుకునేది, వంగకుండా అందుతుందని. ఇది హారికకు చెప్పాను. నవ్వలేదు. కుడివైపు గడిలో 'కథలు: సున్నా' అని రాసి, కింద 'దస్తావేజులు' అని రాసి, కాసేపు ఆలోచించి దాన్ని కొట్టేసింది.

అప్పుడు పెన్ను మూత పెడుతూ, ఏమీ అనుకోకుండా అంది: "మా అమ్మ అన్నది నిజమేనేమో. ఈ కోర్సంతా ఆదెమ్మ నీళ్ళేనంది."

ఆ మాట మా వాళ్ళ ఇళ్ళల్లో తప్ప ఎక్కడా వినపడదు. పులుసులో చింతపండు రసం ఎక్కువైతే ఆదెమ్మ నీళ్ళు. పిలవాల్సినవాళ్ళకన్నా ఎక్కువమందిని పెళ్ళికి పిలిస్తే ఆదెమ్మ నీళ్ళు. మంచి దాన్ని అతి చేసి పాడుచేసుకోవడం అని అర్థం. హారికకు తెలిసింది అంతే. వాళ్ళ తాతమ్మ ఎవరో ఆదెమ్మట, కళ్ళంలో కాయల మీద చూసుకోకుండా నీళ్ళు గుమ్మరించి పన్నెండు బస్తాలు బూజు పట్టించిందట. చెబుతూ నవ్వింది. యాభై అయిదేళ్ళుగా ఆ మాట విన్నప్పుడల్లా నేనూ నవ్వుతూనే ఉన్నాను. ఆ రోజు నవ్వు రాలేదు. ఎండకు గొంతు ఆరిందని చెప్పి, మంచినీళ్ళు తెమ్మని పిల్లను లోపలికి పంపాను. నిజానికి దాహం లేదు. ముఖం దాచుకోవడానికి కాస్త టైము కావలసి వచ్చింది.

ఆదెమ్మ మా మేనత్త. మా నాన్నకు ఒక్కతే చెల్లెలు. మామయ్య పాముకాటుతో పోయాక, చంటిపిల్ల నాగేంద్రాన్ని చంకనేసుకుని పుట్టింటికి వచ్చేసింది. ఆ నాగేంద్రం కొడుకే శ్రీనివాసరావు. రాకముందే అత్తింట్లో ఎవరో ఒక కాగితం ముందు పెట్టి వేలిముద్ర వేయమంటే వేసింది. మామయ్య వాటా రెండెకరాలు ఆ వేలికింద నుంచే పోయాయి. అందులో ఏముందని తర్వాత ఎవరో చదివి చెప్పారట. అత్త ఆ సంగతి ఏడుస్తూ చెప్పగా నేనెప్పుడూ వినలేదు. చదివి చెప్పేవాడు ఆ రోజు లేకపోయాడు, అనేది, బస్సు తప్పిపోయిందని చెప్పినట్టు.

మిరప సీజనులో మా ఇంటికి ఒక వాసన ఉండేది. కొత్తవాళ్ళు గుమ్మంలోనే తుమ్మేవాళ్ళు, మాకు మాత్రం అది ఇంటి గాలి. మా నాన్న చొక్కా జేబులో ఎప్పుడూ ఒక పండుకాయ ఉండేది. ఎదురొచ్చినవాళ్ళందరికీ తీసి చూపించి, రంగు మెచ్చుకునేదాకా కదలనిచ్చేవాడు కాదు. అంత ఎర్రకాయ పండించే ఇంట్లో కూర మాత్రం ఎర్రగా ఉండేది కాదు. మంచికాయంతా బస్తాల్లోకి పోయేది. ఏరేసిన తాలుకాయలు, తెల్లగా పాలిపోయినవి, మాకు మిగిలేవి. వాటితోనే ఊరగాయ, వాటితోనే పచ్చడి. రంగు లేదు గానీ మంట తక్కువేం కాదు. కాలేజీలో చేరాక హోటల్లో మొదటిసారి ఎర్రటి కూర చూసి, ఇది మా కాయే అయ్యుంటుందని పక్కవాడికి గొప్పగా చెప్పాను.

ఆ నెలల్లో అత్త నా ముఖం ముట్టుకునేది కాదు. రోజంతా కాయలు ఏరిన చేతులు, ఎన్నిసార్లు మజ్జిగతో కడిగినా, ఎంత ఆముదం రాసినా మంట పోదు. తల నిమరాలనిపిస్తే మోచేత్తో నిమిరేది. నాకు అత్త ప్రేమంటే ఇప్పటికీ ఆ మోచేతి ఎముకే గుర్తొస్తుంది. తలకు గట్టిగా తగిలేది.

నేను గుంటూరులో బి.ఏ. తెలుగు చదువుతానన్నప్పుడు మా నాన్న నిజంగానే అర్థం కాక అడిగాడు. "తెలుగు నేర్చుకోడానికి గుంటూరు దాకా ఎందుకురా? ఇంట్లో మాట్లాడేదేంది మరి?" రచయితను కావాలని ఉందని చెబితే ఇంకా అడిగేవాడు. అత్త చేటలో కాయలు చెరుగుతూ తల ఎత్తకుండానే అంది: "కొంపలో కాగితం చదివేవాడు ఒకడుండాలి అన్నయ్యా." ఆ మాటతో నా చదువు ఖాయమైంది. గుంటూరులో మా కాయ అమ్మిపెట్టే కమీషన్ కొట్టు షావుకారు రాబోయే పంట మీద బయానాగా డబ్బిచ్చాడు. నా ఫీజు, పుస్తకాలు, హాస్టలు అన్నీ ఆ బయానాలోంచే. అంటే క్లాసులో నేను కూర్చున్న బెంచీ కూడా ఇంకా పూత పట్టని మిరప మొక్కల మీదే నిలబడి ఉంది. హారికది బ్యాంకు, మాది కొట్టు. తేడా అంతేననుకుంటాను.

ఇప్పుడు నీళ్ళ సంగతి. కళ్ళంలో ఎండిన కాయను ఉన్నదున్నట్టు బస్తాలో పోసి తొక్కితే పొడిపొడి అవుతుంది, గింజ రాలిపోతుంది. అందుకని బస్తాలకు ఎత్తే ముందురోజు సాయంత్రం పైన నీళ్ళు చిలకరించి, పట్టాలు కప్పి, తెల్లారి మెత్తబడ్డాక తొక్కుతారు. ఎంత చల్లాలన్నదే విద్య. తక్కువైతే కాయ విరుగుతుంది, ఎక్కువైతే లోపల బూజు పడుతుంది. ఆ విద్యలో మా అత్తకు చుట్టుపక్కల ఊళ్ళలో పేరుంది. ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించేది, తర్వాత వంచేది. "గింజ పలకాలిరా, తోలు పలక్కూడదు," అనేది. పెద్ద పెద్ద రైతులు కూడా కబురు పెట్టి పిలిపించుకునేవాళ్ళు. చెయ్యి చెంబులో ముంచి విదిలిస్తుంటే మగవాళ్ళు చుట్టూ నిలబడి చూసేవాళ్ళు. వితంతువుగా పుట్టింట్లో తింటున్న మనిషికి ఆ ఊళ్ళో ఉన్న ఆస్తి అదొక్కటే.

నేను సెలవులకు వచ్చిన రోజుల్లో, ఒక సాయంత్రం, పొరుగింటి కోడలికి నొప్పులొస్తున్నాయని అత్తకు కబురొచ్చింది. అప్పటికి కళ్ళంలో పన్నెండు బస్తాల కాయ పరిచి ఉంది. అత్త చెంబు నా చేతికిచ్చింది. నాలుగు చెంబులు, చేత్తో విదిలించి, నాలుగు మూలల నుంచి. "అయిదోది ముట్టుకోమాక," అని మరీ మరీ చెప్పి పోయింది. నాన్న గోతాలు కుట్టించడానికి ఊళ్ళోకి పోయాడు.

నేనప్పుడు ఒక పద్యం మధ్యలో ఉన్నాను. సీసపద్యం. మూడో పాదంలో ఒక గణం కుదరడం లేదు. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ చల్లుతున్నాను. నీళ్ళు పడ్డచోట ఎరుపు ముదిరి నల్లబడుతుంటే చాలా బాగుంది, ఆ రంగును పద్యంలోకి ఎలా తేవాలా అని చూస్తున్నాను. గణాల లెక్క కుదిరింది. చెంబుల లెక్క తప్పింది. చేత్తో విదిలించడం మానేసి చెంబుతోనే పోస్తున్నానని ఎప్పుడు తెలిసిందంటే, బిందె అడుగున చెంబు గీరుకుపోయిన చప్పుడుకు. పట్టాలు కప్పేసి ఇంటికొచ్చి, ముందు పద్యం కాగితం మీద పెట్టాను, మర్చిపోతానని.

పొద్దున గాలికి పైకాయ ఆరింది. అత్త ఒంటిగంట దాకా ఆ పురిటింట్లోనే ఉండిపోయింది. నాన్న పైకాయ చూసి తొక్కించేశాడు. బస్తాలు గుంటూరు పోయాయి. అక్కడ మార్కెట్టుకు సెలవులొచ్చి వారం పడి ఉన్నాయి. విప్పి చూస్తే లోపల తెల్లటి బూజు, కాయ నల్లబడి, వాసన. నాన్న చేతిసంచి పట్టుకుని నడుచుకుంటూ ఇంటికొచ్చిన తీరు చూసి మాకు తెలిసిపోయింది. ఏడాది పంటలో సగం అది. బయానా తీరలేదు సరికదా, షావుకారు ఇక చదువుకు పైసా ఇవ్వనన్నాడట.

నాన్న అరవలేదు. కాళ్ళు కడుక్కుని, అరుగు మీద కూర్చుని, నా వైపు చూసి, "నీళ్ళెవరు చల్లారు?" అన్నాడు. ఆ తర్వాత అనబోయేదేమిటో నాకు తెలుసు. పుస్తకాల ధ్యాసలో పడి పొలం పని చెడగొడితే కాలేజీ మాన్పించి అరక పట్టిస్తానని ముందే అన్నాడు. నా నోరు తెరుచుకుంది. ఇన్ని మాటలు పుట్టించే నోరు, ఆ రోజు ఒక్కటీ పుట్టించలేకపోయింది.

"నేనే చల్లాను అన్నయ్యా," అంది అత్త, పొయ్యి ముందు నుంచి లేచి వచ్చి. "ఆ పిల్ల నొప్పుల గోలలో పడి చూసుకోలేదు."

నాన్న అత్త చేతుల వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. మరుసటి ఏడాది నుంచి నీళ్ళ చెంబు తనే పట్టాడు. ఊళ్ళో కూడా ఎవరూ కబురు పెట్టలేదు.

ఈ కథలో నేను సభల్లో చెప్పే భాగం ఒకటుంది. ఆ రోజు గొడ్లపాక దగ్గర అత్త నన్ను పట్టుకుని, అంతగా మునిగిపోయి ఏం రాశావో చదవమందనీ, నేను పద్యం చదివితే ఆమె కళ్ళవెంట నీళ్ళు కారాయనీ, నా జీవితంలో అంతకన్నా పెద్ద సన్మానం లేదనీ చెబుతాను. జనం చప్పట్లు కొడతారు. నీళ్ళు చల్లిందెవరో మాత్రం చెప్పను. చదవమన్నది నిజం. కళ్ళు కారింది నిజం. కానీ వింటూ వింటూ మర్చిపోయి చేత్తో కన్ను తుడుచుకుంది. కాయలు ఏరిన చెయ్యి. "బాగుంది గానీ అర్థం కాలేదురా," అని తొట్టిలో నీళ్ళు కళ్ళల్లో కొట్టుకుంది. ఆ కన్నీళ్ళు మా కాయవి, నా పద్యానివి కావు.

ఆ పద్యం ఒక వారపత్రికలో పడింది. నూటపదహార్లు పంపారని చెబుతుంటాను. పంపింది ఐదు రూపాయల మనియార్డరు. దాంతో గుంటూరులో స్నేహితుడితో కలిసి భోంచేసి, సినిమా చూశాను. అత్తకు ఒక అరటిపండు కూడా కొనుక్కుపోలేదు.

ఆఖరి సంవత్సరం ఫీజు అత్త కట్టింది. ఊరికే కూర్చుంటే తోచడం లేదని చెప్పి, నాగేంద్రాన్ని మా అమ్మ దగ్గర వదిలి, గుంటూరులో కాయలకు తొడిమలు తీసే షెడ్డుకు పోయింది. ఒకప్పుడు పెద్ద రైతులు పిలిపించుకున్న చెయ్యి, వందమంది ఆడవాళ్ళ వరసలో కూర్చుని కిలోల లెక్కన తొడిమలు తుంచింది. నెలకోసారి హాస్టలుకు వచ్చి కొంగుముడి విప్పించేది. విప్పేది నేనే, తన వేళ్ళు పగిలి ఉండేవి గనక. తర్వాత మోచేత్తో తల నిమిరి వెళ్ళిపోయేది. ఫస్టు క్లాసులో పాసయ్యానని ఊరంతా చెప్పాను. వచ్చింది థర్డు క్లాసు.

చెబుదామనే అనుకున్నాను. మంచి పంట వచ్చిన ఏడు నాన్నకు చెబుదామనుకున్నాను. వచ్చింది, చెప్పలేదు. నాన్న పోయాడు. తర్వాత అత్త పోయింది. పెద్దదినం నాడు విస్తళ్ళ ముందు ఎవరో పప్పుచారు పలచనైందని, ఆదెమ్మ బతికుండగానే కాదు, పోయాక కూడా నీళ్ళు పోస్తోందన్నారు. పంక్తి అంతా నవ్వింది. నాగేంద్రం కూడా నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ. నేను అందరికన్నా గట్టిగా నవ్వాను. మిగతావన్నీ కుర్రతనం అనుకున్నా, ఆ నవ్వుకు మాత్రం నా దగ్గర సాకు లేదు.

హారిక మంచినీళ్ళు తెచ్చింది. తాగి, ఇదంతా చెప్పాను, ఈసారి పెంచకుండా. చెబుతున్నంతసేపూ ఆ పిల్ల కాగితం వైపు చూడలేదు. చివర ఒక్కటే అడిగింది, తాతమ్మ ఎప్పుడైనా ఎత్తిచూపిందా అని. లేదన్నాను. ఎత్తిచూపి ఉంటే నా పని తేలికయ్యేది.

తర్వాత బ్యాంకు కాగితం తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, మొదటి పేజీ నుంచి చదివాను. ఇది మాత్రం నాకు వచ్చిన విద్య. వడ్డీ ఎప్పటి నుంచి మొదలవుతుందో, వాయిదా తప్పితే తండ్రి జీతం మీదికి ఎలా వస్తుందో, వేలు పెట్టి ఒక్కొక్క షరతూ చదివి చెప్పాను. నలభై ఏళ్ళు ఆ రేకుల పంచలో చేసింది కూడా ఇదే. వేలిముద్ర వేయబోయే ఏ ఆడమనిషినైనా ఆపి, మొత్తం చదివి వినిపించాకే వేయించేవాణ్ణి. పక్క బల్లలవాళ్ళు వెటకారం చేసేవాళ్ళు, నీ బేరాలు ఇట్లా తెమిలేనా అని. దాన్ని మంచితనం కింద ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుంటే ఎవరికోసమో చెప్పాల్సి వస్తుంది.

ఇంతలో శ్రీనివాసరావు ఫోన్ చేశాడు. వెనక మిల్లు హోరు. "ఏమంటారు పెదనాన్నా, పెట్టమంటారా సంతకం?"

ఆ డబ్బు తిరిగొస్తుందని చెప్పలేనన్నాను, నాది రాలేదు గనక. చదవాలనుంటే చదవనివ్వు, కానీ తెలిసి పెట్టు, కాగితమంతా పిల్లే చదివి చెబుతుంది, అన్నాను. "ఇంకో మాట అబ్బాయ్. ఆ పన్నెండు బస్తాల మీద నీళ్ళు పోసింది మీ అమ్మమ్మ కాదు. నేను."

అతను మర్యాదగానే అన్నాడు: "ఇప్పుడెందుకు పెదనాన్నా, అయ్యెప్పటియో. ఎవరున్నారు ఇప్పుడు?" పత్తి లారీ వచ్చిందని పెట్టేశాడు.

నిజమే. ఎవరున్నారు. తనఖా విడిపించుకోవడానికి డబ్బు పట్టుకుని వచ్చి, పుచ్చుకునేవాడు పోయాడని తెలిసి, నా బల్ల ముందు నిలబడిపోయిన మనుషుల్ని చాలామందిని చూశాను. వాళ్ళ ముఖాలు ఎలా ఉండేవో బాగా తెలుసు. ఇప్పుడు అద్దం చూసుకోనక్కర్లేదు.

బస్సు టైమైంది. హారిక లేస్తూ, "ఆ పద్యం ఒకసారి చదవండి తాతయ్యా," అంది. పద్యమంతా నోటికొచ్చన్నాను. గొంతు సవరించుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. నీళ్ళు పడ్డచోట ఎరుపు ముదరడం కనపడింది, బిందె అడుగున చెంబు గీరుకుపోయిన చప్పుడు వినపడింది. పద్యం రాలేదు. మొదటి పాదం కూడా రాలేదు. పత్రిక ఎప్పుడో చెదలు తినేసింది. పన్నెండు బస్తాల పద్యం, ఒక్క అక్షరం మిగల్లేదు.

"ఆ రోజు మాటల్లో నాకు గుర్తున్న వాక్యం ఒక్కటేనే," అన్నాను. "నేనే చల్లాను అన్నయ్యా."

హారిక మళ్ళీ కూర్చుంది. కాగితం తిప్పింది. గీతలూ గడులూ లేని వెనకవైపు, పైన, ఆ మూడు మాటలు రాసుకుంది. ఎందుకని నేను అడగలేదు. యాభై అయిదేళ్ళు దగ్గర పెట్టుకుని నేను మొదలుపెట్టలేకపోయిన కథకు అదే మొదటి వాక్యమని చూడగానే తెలిసింది. మడిచి సంచిలో పెట్టుకుంది. వెళ్ళేముందు వంగి నా కాళ్ళకు దండం పెడితే, తల మీద చెయ్యి వేయబోయి ఆగాను. చేతులు శుభ్రంగానే ఉన్నాయి. అయినా మోచేత్తోనే నిమిరాను.

ఎముక తగిలినట్టుంది, తల తడుముకుంటూ బస్సెక్కింది.